వేలిముద్ర లెక్క

చేసిన పనికి ఉపాధి హామీ కూలీ చేతికి డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది? ఆ డబ్బు తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ప్రభుత్వం ఖర్చు రాసుకున్న ప్రతి వంద రూపాయల్లో ఆ ఇంటికి ముట్టేవి ఎన్ని? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడు ప్రశ్నలకు ఒక పరిశోధన అంకెలతో సహా జవాబులు రాబట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియాగోలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు కార్తీక్ మురళీధరన్, అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ నీహౌస్, వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన సందీప్ సుఖ్‌తంకర్ కలిసి చేసిన ఈ అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. వేలిముద్ర తీసుకుని కూలీ డబ్బు, పింఛను చెల్లించే స్మార్ట్‌కార్డుల పద్ధతిని 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో వారు పరీక్షకు పెట్టారు. ఒక ప్రభుత్వ సాంకేతిక పథకాన్ని ఇంత మంది మీద, ఇంత కట్టుదిట్టంగా కొలిచిన సందర్భాలు ప్రపంచంలోనే అరుదు.

డిజిటల్ పాలన గురించిన ప్రచారమంతా సాధారణంగా కార్యాలయం వైపు నుంచే వస్తుంది. ఎన్ని కార్డులు ఇచ్చారు, ఎన్ని లావాదేవీలు జరిగాయి, ఎంత ఆదా అయింది అన్న అంకెలే అందులో ఉంటాయి. ఈ పరిశోధకులు మాత్రం కూలీ ఇంటి గడప దగ్గర నిలబడి లెక్క కట్టారు. ఈ అధ్యయనాన్ని మళ్లీ మళ్లీ చదవాల్సింది అందుకే.

పాసుపుస్తకాలు ఎవరి దగ్గర?

స్మార్ట్‌కార్డుకు ముందు కూలీ డబ్బు పోస్టాఫీసు మీదుగా వచ్చేది. ఫీల్డ్ అసిస్టెంటు మస్టరులో హాజరు వేస్తే, ఆ మస్టరు మండల కేంద్రానికి వెళ్లి కంప్యూటరులో ఎక్కేది. అక్కణ్నుంచి చెల్లింపు ఉత్తర్వు కదిలితే డబ్బు బ్రాంచి పోస్టాఫీసుకు చేరేది. కూలీ పాసుపుస్తకం పట్టుకుని వెళ్లి తీసుకోవాలి. కాగితం మీద చక్కగా కనిపించే ఈ దారిలో మధ్యవారు దూరడానికి సందులు చాలా ఉండేవి. ఎన్నో ఊళ్లలో కూలీల పాసుపుస్తకాలు ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరో, మరో పలుకుబడి ఉన్న మనిషి దగ్గరో ఉండిపోయేవి. ఆయనే మొత్తం డబ్బు తీసి, తెచ్చి పంచేవాడు. వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ఇచ్చే పింఛన్లనైతే పంచాయతీ స్థాయి సిబ్బందే నగదుగా ఇచ్చేవారు.

కొత్త పద్ధతిలో ప్రభుత్వం బ్యాంకులతో ఒప్పందం చేసుకుంది. బ్యాంకులు సాంకేతిక సంస్థలను పెట్టుకున్నాయి. ఆ సంస్థలు ఊరూరా డబ్బు చెల్లించడానికి ఒక కస్టమర్ సర్వీస్ ప్రొవైడర్‌ను (సీఎస్‌పీ) నియమించాయి. ఆ సీఎస్‌పీ ఎవరై ఉండాలన్నదే ఈ పథకంలో అన్నిటికన్నా ఆలోచించి పెట్టిన నియమం. ఆమె అదే ఊళ్లో కాపురముంటున్న మహిళ కావాలి. హైస్కూలు చదువు పూర్తి చేసి ఉండాలి, స్వయం సహాయక సంఘం సభ్యురాలై ఉండాలి. ఊరి అధికారులకు బంధువు కాకూడదు. వెనుకబడిన కులాల మహిళ అయితే ఇంకా మంచిది. కూలీ ఆమె దగ్గరికి వెళ్లి కార్డు యంత్రంలో పెట్టి, వేలు ఆనిస్తే చాలు. ముద్ర సరిపోతే డబ్బు, రశీదు చేతికొస్తాయి. చదువురాని వారి కోసం కొన్ని యంత్రాలు ఆ మొత్తాన్ని తెలుగులో వినిపించేవి కూడా.

అంటే స్మార్ట్‌కార్డు రెండు మార్పులను ఒకేసారి తెచ్చింది. వేలిముద్ర అందులో ఒకటి. డబ్బు ఊళ్లోకే, అదీ ఊరి మహిళ చేతికే రావడం రెండోది. ప్రభుత్వ ప్రకటనల్లో మొదటిదే ప్రముఖంగా కనిపించింది. అధ్యయనం రెండోదాన్నీ అంతే శ్రద్ధగా పట్టుకుంది.

ముందు ఏ మండలం? లాటరీ చెప్పింది

ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో మొదట కుదిరిన బ్యాంకులతో పని ముందుకు సాగలేదు. 2010లో అక్కడ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈ వైఫల్యమే పరిశోధనకు దారి తీసింది. అన్ని మండలాల్లోనూ ఒకేసారి మొదలుపెట్టడం ఎలాగూ సాధ్యం కాదు. అలాంటప్పుడు ఏవి ముందో లాటరీ తీసి నిర్ణయిద్దామన్న ప్రతిపాదనకు ప్రభుత్వం ఒప్పుకుంది. మొత్తం 296 మండలాల్లో 112 మండలాలకు కార్డులు ముందుగా వచ్చాయి. 45 మండలాలు రెండేళ్లు ఆగాయి. మిగిలిన 139 మండలాలు ఈ రెండింటి నడుమ ఎడంగా ఉండిపోయాయి. ముందుగా కార్డు వచ్చిన మండలానికీ, ఆగిన మండలానికీ తేడా లాటరీ చీటీ ఒక్కటే. 2012లో వాటి మధ్య కనిపించిన తేడా కార్డు వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పగలిగేది ఇందువల్లే. నిధులు తెచ్చుకునే పలుకుబడి ఉన్న మండలాలకే పథకం ముందుగా వచ్చి ఉంటే, అక్కడి బాగు కార్డుదో పలుకుబడిదో ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఇంత పెద్ద పథకాన్ని చీటీకి వదలడానికి సిద్ధపడటం చిన్న విషయం కాదు. ఆ నిర్ణయం తీసుకున్న అధికారులకు దక్కాల్సిన మెప్పు ఇంకా దక్కలేదు.

లీకేజీని కొలిచిన తీరు కూడా సూటిగానే ఉంది. ఏ జాబ్‌కార్డుకు ఏ వారం ఎంత చెల్లించారో ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. పరిశోధన బృందం ఆ ఇంటికే వెళ్లి, అవే వారాల్లో ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది అని అడిగింది. రికార్డులో ఉండి ఇంటికి చేరని సొమ్మే లీకేజీ. అది పోయే దారులు పల్లెల్లో అందరికీ తెలిసినవే: లేని మనిషి పేరు రాయడం, ఉన్న మనిషికి చేయని పని దినాలు రాయడం, చేసిన పనికి తక్కువ ఇచ్చి మిగతాది ఉంచుకోవడం.

రెండేళ్ల తర్వాత

కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో ఒక్కో చెల్లింపు తీసుకోవడానికి కూలీకి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. అంటే ఐదో వంతు. పని ముగిశాక డబ్బు అందేదాకా పట్టే కాలం 6 నుంచి 10 రోజుల దాకా తగ్గింది. అంతకన్నా ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. డబ్బు ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా వచ్చే ఒడిదుడుకులు 39 శాతం తగ్గాయి. కిరాణా కొట్టులో ఖాతా మీద సరుకులు తెచ్చుకునే ఇంట్లో కూలీ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియడమే ఒక ధీమా. పదిహేను రోజులకని చెప్పిన డబ్బు నలభై రోజులకు వస్తే, ఆ మధ్యలో చేసిన అప్పు వడ్డీ ఆ కూలీనే తింటుంది. ఏ పథకం డ్యాష్‌బోర్డులోనూ ఈ నిశ్చింతకు ఒక గడి ఉండదు.

కార్డులు రాని మండలాల్లో ఉపాధి హామీ కింద చెల్లించినట్టు రాసిన సొమ్ములో దాదాపు 31 శాతం ఇళ్లకు చేరడం లేదని తేలింది. కార్డులు వచ్చిన మండలాల్లో ఈ లీకేజీ 12.7 పాయింట్లు తక్కువగా ఉంది. అంటే 41 శాతం తగ్గుదల. పింఛన్లలో లీకేజీ మొదటినుంచీ తక్కువే, 6 శాతం దగ్గర ఉండేది. అది కూడా దాదాపు సగానికి పడిపోయింది. ఉపాధి హామీ మీద కుటుంబాల రాబడి 24 శాతం పెరిగింది. ఈ పెరుగుదల ఖజానా మీద కొత్త భారం వేయలేదు. ప్రభుత్వ ఖర్చు అంతే ఉంది, దారిలో పోయేది ఇంటికి చేరింది. లబ్ధిదారులకు ఆదా అయిన సమయానికి కూలీ రేటు కట్టి చూస్తే, ఆ విలువ ఒక్కటే పథకం నడపడానికి అయిన ఖర్చును దాటిపోయింది.

వేలిముద్ర వల్ల ఏం మారింది, ఊళ్లోకి వచ్చిన చెల్లింపు వల్ల ఏం మారింది అని పరిశోధకులు విడదీసి చూసే ప్రయత్నం కూడా చేశారు. ఈ విడదీత లాటరీ అంత గట్టి ఆధారం మీద నిలవదు. అయినా అది చూపే దిశ స్పష్టంగానే ఉంది. డబ్బు త్వరగా, సులువుగా అందడానికి కారణం చెల్లింపు ఏర్పాటు మారడం. లీకేజీ తగ్గడానికి కారణం వేలిముద్ర. యంత్రం కొనిపెట్టి, చెల్లించే మనిషినీ చోటునూ పాతవే ఉంచితే ఈ ఫలితంలో సగం రాదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

సగమే పూర్తయిన పథకం

ఈ పత్రంలో అన్నిటికన్నా ఆలోచింపజేసే అంకె ఫలితాల పట్టికలో లేదు, అమలు తీరు వివరించే చోట ఉంది. రెండేళ్లు గడిచాక కూడా ఆ 112 మండలాల్లో కార్డు ద్వారా జరిగిన చెల్లింపులు 50 శాతం దగ్గరే ఆగిపోయాయి. నమోదు శిబిరానికి రాలేకపోయిన వారున్నారు. పల్లెల్లో ఖాతాలు నడపడం మీద ఆసక్తి లేని బ్యాంకులున్నాయి. పాత పద్ధతిలో లాభపడిన స్థానికుల అడ్డంకులున్నాయి. సమీక్షా సమావేశంలో ఏ కలెక్టరు ముందు పెట్టినా ఈ 50 శాతానికి ఎర్రరంగే పడుతుంది, అమలు విఫలమైందన్న ముద్ర పడుతుంది.

పైన చెప్పిన ఫలితాలన్నీ ఈ సగం అమలు మీద వచ్చినవే. పైగా అవి కార్డు ఉన్నవారికి మాత్రమే కట్టిన సగటు కావు, మండలం మొత్తానికి కట్టినవి. కార్డు లేని కూలీకి పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. వేలు అరిగిన ముసలమ్మకు యంత్రం ముద్ర చదవలేదన్న కారణంతో పింఛను ఆగిపోయే పరిస్థితి ఈ పద్ధతిలో తప్పనిసరి కాలేదు. అధ్యయనం ఫలితాలను కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా పరిశీలించింది. ఎవరో కొందరు బాగుపడి మరికొందరు నష్టపోయారన్న ఆనవాలు కనపడలేదు. కార్డు వాడినవారిలో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే బాగుందని చెప్పారు. ఈ మంచి ఫలితానికి కారణం యంత్రమే అనుకునేవారు పాత దారిని తెరిచే ఉంచారన్న సంగతిని సాధారణంగా వదిలేస్తారు. ఆ సంగతి చెప్పకుండా ఈ అధ్యయనాన్ని ఉదహరించడం అన్యాయం.

ఇంత జరిగినా ఒక దశలో ప్రభుత్వం ఈ పథకాన్ని ఎత్తేసేదాకా వెళ్లింది. కార్డు వల్ల రాబడి పోయిన స్థానికులు కొద్దిమందే అయినా వారి ఫిర్యాదులు పైదాకా చేరతాయి. 22 నిమిషాలు మిగిలిన లక్షల మంది కూలీల మాట ఎవరి కార్యాలయానికీ చేరదు. పైగా ఖర్చు తగ్గలేదు కాబట్టి ఆర్థిక శాఖకు చూపించడానికి ఆదా అంటూ ఏమీ లేదు. లబ్ధిదారుల్లో ఎందరు కార్డును కోరుకుంటున్నారో సర్వే అంకెలు చూపాకే పథకాన్ని కొనసాగించాలన్న నిర్ణయానికి బలం వచ్చింది.

దీనికి ముందు

తెలుగు నేల మీద డిజిటల్ పాలన స్మార్ట్‌కార్డుతో మొదలవలేదు. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన కార్డ్ ప్రాజెక్టు, 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వరసగా వచ్చాయి. అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన సుభాష్ భట్నాగర్ వంటి పరిశోధకులు వీటిలో తొలినాటి ప్రాజెక్టులపై రాశారు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. స్మార్ట్‌కార్డు ప్రయత్నాలు కూడా ఆ కాలంలోనే మొదలయ్యాయి.

జార్ఖండ్‌లో అదే వేలిముద్ర

ఈ ముగ్గురు పరిశోధకులే ఆ తర్వాత జార్ఖండ్‌లో రేషన్ దుకాణాలను పరిశీలించారు. అక్కడ 2016–17లో ఆధార్ వేలిముద్రతో బియ్యం ఇచ్చే పద్ధతి వచ్చింది. ఈసారి కూడా లాటరీ తీశారు, పది జిల్లాల్లోని 132 బ్లాకుల్లో తేడాలు కొలిచారు. ఫలితం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినదానికి పూర్తిగా ఎదురు తిరిగింది.

వేలిముద్ర పెట్టినంత మాత్రాన లీకేజీ తగ్గలేదు. బియ్యం తెచ్చుకోవడానికి కుటుంబాలకు అయ్యే ఖర్చు మాత్రం 17 శాతం పెరిగింది, ఉత్త చేతులతో వెనక్కి రావాల్సిన సందర్భాలు ఎక్కువయ్యాయి. ఆధార్ జతపడని కార్డులున్న కుటుంబాలకు అందే సరుకు విలువ 10 శాతం పడిపోయింది. వాటిలో 2.8 శాతం కుటుంబాలకు ఏమీ అందకుండా పోయింది. ఆ కుటుంబాలు దొంగ కార్డులవి కావు. కాగితం పని పూర్తి చేసుకోలేకపోయిన పేదలవి.

2017 జులైలో ప్రభుత్వం మరో అడుగు వేసింది. యంత్రంలో నమోదైన అమ్మకాల ప్రకారం డీలరు దగ్గర మిగిలి ఉండాల్సిన నిల్వను లెక్కగట్టి, ఆ మేరకు కొత్త కోటాలో కోత పెట్టింది. ఆ నిల్వ చాలాచోట్ల కాగితం మీదే ఉంది, అసలు సరుకు ఎప్పుడో చేతులు మారింది. కోత పడ్డాక డీలరు తన నష్టంలో కొంత జనం మీదికి నెట్టాడు. ప్రభుత్వ ఖర్చు తగ్గింది, లీకేజీ కూడా తగ్గింది. వాటితోపాటు నిజమైన లబ్ధిదారుల బియ్యం కూడా తగ్గింది. జనం నుంచి వ్యతిరేకత రావడంతో కొన్ని నెలలకే ఆ విధానాన్ని ఆపేశారు.

సాంకేతికత రెండు చోట్లా దాదాపు ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో కూలీకి డబ్బు చేర్చడం లక్ష్యం, కార్డు లేనివారికి పాత దారి ఉంది. జార్ఖండ్‌లో ఖజానాకు ఆదా లక్ష్యం, వేలిముద్ర తప్పనిసరి. ఐఐటీ ఢిల్లీకి చెందిన రీతికా ఖేరా, ఆర్థికవేత్త జాన్ డ్రేజ్ చాలా ఏళ్లుగా గట్టిగా చెబుతున్నది కూడా ఈ తప్పనిసరి వల్ల జరిగే నష్టం గురించే. ఆ హెచ్చరికకు జార్ఖండ్ అధ్యయనం అంకెల బలాన్నిచ్చింది. అయినా విధానాలు ఆ దిశగా కదలలేదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో మొబైల్ యాప్ హాజరు, 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఫలితాన్ని ఈ తప్పనిసరికి సమర్థనగా చూపడానికి వీల్లేదు. ఆ ఫలితం వచ్చిన పరిస్థితులు వేరు.

పొలం యజమాని ఇచ్చే కూలీ

స్మార్ట్‌కార్డు కథలో మరో భాగం 2023లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. ఉపాధి హామీ డబ్బు నమ్మకంగా అందడం మొదలయ్యాక ఆ మండలాల్లో ప్రైవేటు కూలీ రేట్లు కూడా పెరిగాయి. పేద కుటుంబాల రాబడి 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి హామీ బయట, అంటే మామూలు కూలీ పనుల మీద వచ్చిందే. కూలీకి మరోచోట వేతనం ఖాయంగా దొరుకుతుందని తెలిసినప్పుడు పొలం యజమాని కూడా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. కూలీ పెరిగితే ప్రైవేటు పనులు తగ్గిపోతాయన్న భయం నిజం కాలేదు, అవి కూడా పెరిగాయి. ఒక చెల్లింపు యంత్రం ప్రభావాన్ని ఆ పథకం ఖాతాల్లోనే వెతికితే ఇదంతా కంటపడేది కాదు.

రైతుబంధు చెక్కు, ఒక ఫోన్ కాల్

మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తంకర్ ముగ్గురూ జెఫ్రీ వీవర్‌తో కలిసి తెలంగాణలో చేసిన అధ్యయనంలో యంత్రం కన్నా తేలికైన సాధనం కనిపిస్తుంది. 2018లో రైతుబంధు కింద ఎకరాకు 4,000 రూపాయల చొప్పున 57 లక్షల మంది రైతులకు చెక్కులు పంచారు. లాటరీలో ఎంపికైన మండలాల్లో వ్యవసాయ అధికారులకు ఒక్క మాట ముందే చెప్పారు: రైతులకు ఫోన్లు చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటామని, దాన్నిబట్టే వారి పనితీరును అంచనా వేస్తామని. ఆ మండలాల్లో సాయం అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతులకు చేరిన ప్రతి 100 రూపాయలకు ఫోన్ల ఖర్చు 3 రూపాయల 60 పైసలు. ఇందులో కొత్త కార్డు లేదు, వేలిముద్ర లేదు, రైతు చేయాల్సిన పని కూడా ఏమీ లేదు. రైతును అడగడం, ఆ జవాబు అధికారికి చేరడం, ఇంతే.

బాక్స్: గెలిచేవి ఎన్ని?

మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్ 2003లో అభివృద్ధి చెందుతున్న దేశాల ఈ-పాలన ప్రాజెక్టులపై ఒక అంచనా ఇచ్చారు. దాని ప్రకారం 35 శాతం పూర్తిగా విఫలమయ్యాయి, 50 శాతం పాక్షికంగా విఫలమయ్యాయి, గెలిచినవి 15 శాతమే. ఎక్కడో రాజధానిలో కూర్చుని గీసిన నమూనాకూ, అది పనిచేయాల్సిన చోట ఉన్న పరిస్థితికీ మధ్య ఎడం ఎంత పెద్దదైతే ఓటమి అవకాశం అంత ఎక్కువ అన్నది ఆయన వివరణ. స్మార్ట్‌కార్డు పథకంలో సీఎస్‌పీ నియామకపు నియమాలు ఆ ఎడాన్ని తగ్గించిన ఏర్పాట్లలో ఒకటి.

బాక్స్: సామాజిక తనిఖీ

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేశ్ వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ అమలును దగ్గరుండి గమనించి 2021లో ‘ప్యాచింగ్ డెవలప్‌మెంట్’ అనే పుస్తకం రాశారు. పై అధికారులు సాఫ్ట్‌వేర్‌లో ఒక సందు మూస్తే కింది స్థాయివారు మరో దారి వెతుక్కోవడం, దాన్ని మూయడానికి మళ్లీ కొత్త నియమం రావడం ఇందులో వివరంగా ఉంటుంది. కంప్యూటరులో ఉన్న మస్టరును ఊరందరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీకి ఇందులో పెద్ద స్థానం ఉంది. ఆ తనిఖీల కోసం ఆంధ్రప్రదేశ్ 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. రికార్డు అందరికీ తెరిచి ఉంచినా, ఊళ్లో అణగారిన కూలీ లేచి నిలబడి అడగగలిగిన చోటే దాని వల్ల ఉపయోగం కలిగిందని ఈ పుస్తకం చూపిస్తుంది. అంకెల అధ్యయనాలు చెప్పలేని ఈ భాగం కోసం దాన్ని వాటితో కలిపి చదవాలి.